సగం డాక్టరమ్మ

ఆ వీధిలో ఆమెను సగం డాక్టరమ్మ అంటారు. మందు రాయదు, సూది గుచ్చదు, నాలుక చాపమనదు. కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడిస్తుంది, అంతే. పైగా కొందరి దగ్గర ఫీజు కూడా సగమే తీసుకుంటుంది. పేరు పెట్టినవాడెవడో గానీ రెండు విధాలా ఆలోచించే పెట్టాడు. ఆమెకు కోపం రాలేదు సరికదా, మెట్ల దగ్గర బోర్డు మీద ఆ పేరే రాయించేస్తే ఓ పనైపోతుందని నవ్వింది.

జిరాక్సు దుకాణం మీద రెండు గదులు ఆమెవి. ముందు గదిలో నాలుగు కుర్చీలు, ఒక బల్ల. లోపలి గదిలో రెండే కుర్చీలు, అవీ ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఉంటాయి. మనిషి మొహం చూసి చెప్పలేని మాటను కిటికీ వైపు చూస్తూ చెప్పుకోవచ్చన్నమాట. కింద జిరాక్సు యంత్రం పొద్దస్తమానం గరగరలాడుతూనే ఉంటుంది. "ఈ గోలలో మనసు విప్పి ఎలా మాట్లాడతారండీ?" అని అడిగినవాళ్లకు ఆమె చెప్పే జవాబు ఒకటే. ఆ గోల కోసమే ఆమె ఆ గదులు తీసుకుంది. లోపల ఎవరైనా భోరున ఏడ్చినా ముందు గదిలో కూర్చున్నవాళ్లకు యంత్రమే వినిపిస్తుంది.

అంతకుముందు పదిహేనేళ్లు ఒక పెద్ద ఆసుపత్రిలో ఇదే పని చేసింది. అక్కడ అందరికీ ఒకటే ఫీజు. మొదటి వారం వచ్చి ఏడ్చినవాళ్లు రెండో వారం కాస్త తేలికపడేవారు, ఆ తర్వాత ఆచూకీ లేకుండా పోయేవారు. తోటి ఉద్యోగులు దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టారు. రోగి మనసు తలుపులు మూసుకుందట, చికిత్సకు ఎదురు తిరుగుతోందట. ఈమె మాత్రం ఎవరెవరు ఎప్పుడెప్పుడు మానేశారో రెండేళ్లపాటు ఓపిగ్గా రాసుకుంది. నూటికి డెబ్బై మంది నెలాఖరు వారంలోనే మానేశారు. తలుపూ లేదు, తాళమూ లేదు. జేబు ఖాళీ, అంతే. ఆ కాగితం పట్టుకెళ్లి పైవాళ్లకు చూపిస్తే, చాలా ఆసక్తికరంగా ఉందని మెచ్చుకుని సొరుగులో పడేశారు. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. నలభయ్యారో ఏట ఆ ఉద్యోగానికి ఒక దణ్ణం పెట్టి బయటికొచ్చేసింది.

సొంతంగా తెరిచిన చోట ఆమె పెట్టుకున్న నియమం చాలా చిన్నది. పూర్తి ఫీజు ఆసుపత్రిలో ఉన్నంతే. అంత ఇచ్చుకోలేనివాళ్లు వారానికొక గంటకు తమ ఒక పూట సంపాదన ఇస్తే చాలు. బట్టలు కుట్టే మనిషైతే ఆమె పూట, గుమాస్తా అయితే అతని పూట. "సంపాదన ఎంతైనా ఒక పూట పోతే ఎవరికైనా తెలుస్తుంది. తెలుస్తుంది గానీ పొయ్యి ఆరిపోదు. ఫీజు అంటే అలా ఉండాలి" అనేది. దానధర్మాలు చేస్తూ ఎన్నాళ్లు నెట్టుకొస్తావని స్నేహితులు జాలిపడితే, "దానం ఎవరు చేస్తున్నారు? నేను ధర పెడుతున్నాను" అని వాళ్ల నోరు మూయించేది. ఆ మాటలో ఎక్కడా బెదురు ఉండేది కాదు. పూర్తి ఫీజు వాళ్లు ఎందరుంటే పూట ఫీజు వాళ్లను ఎందరిని చూడొచ్చో ఆమెకు వేళ్ల మీద ఉంది. మొదటి ఏడాది తిరిగేసరికి గదుల అద్దె పోను ఇంట్లోకి కూడా సరిపడా మిగిలింది.

బల్ల దగ్గర కూర్చునేది ఆమె అక్క. రైల్వే స్టేషన్లో టికెట్ల కౌంటరు వెనక ముప్పయ్యేళ్లు కూర్చుని రిటైరైన మనిషి. మీసం మొలుస్తున్న కొడుకును పక్కన నిలబెట్టుకుని "వీడికింకా పన్నెండు నిండలేదమ్మా, సగం టికెట్టే ఇవ్వండి" అనే తండ్రులను వేలమందిని చూసింది. మనుషుల మీద ఆమెకు గొప్ప అభిప్రాయాలేమీ లేవు.

"ఒసేయ్, నువ్వు చదువుకున్నావు గానీ లోకం చూళ్లేదే" అంది మొదటి రోజే. "జీతమెంతని నోటిమాటగా అడిగితే ప్రతివాడూ తక్కువే చెప్తాడు. జీతం చీటీ పట్టుకు రమ్మను."

"చీటీలడిగితే రారక్కా. ఈ మెట్లెక్కి రావడానికే వాళ్ల తలప్రాణం తోకకొస్తుంది. మళ్లీ కాగితాలా?"

"అయితే మునుగుతావ్."

"మునిగితే నువ్వున్నావుగా, టికెట్టు కొట్టి ఒడ్డుకి పంపించెయ్."

చివరికి అక్కాచెల్లెళ్లు మధ్యేమార్గానికి వచ్చారు. రుజువులు అడగరు, కానీ ఒక కాగితం మీద రాయించుకుంటారు. పని ఏమిటి, నెలకు ఎంత వస్తుంది. రెండే గళ్లు. డాక్టరమ్మ భర్తకు చిన్న ప్రెస్సు ఉంది. భార్య పని అంటే ఆయనకు మహా ఉత్సాహం. ఆయనే కూర్చుని మాట కూర్చాడు, చుట్టూ జంట గీతలతో అంచు కట్టాడు, పైన, తన దగ్గరున్నవాటిలోకెల్లా లావుపాటి అక్షరాలతో "ఫీజు తగ్గింపు దరఖాస్తు" అని దిట్టంగా అచ్చేశాడు. మూడు మీటర్ల దూరం నుంచి చదవొచ్చు. ముగ్గురూ చూసుకుని ముచ్చటపడ్డారు. తిరకాసంతా ఆ లావుపాటి అక్షరాల్లోనే ఉంది, అది ముగ్గురిలో ఒక్కరికీ కనిపించలేదు.

ఏడాదిలో అక్కకు అడ్డంగా దొరికినవాళ్లు ముగ్గురే. అందులో ఒకాయన సొంత బట్టల కొట్టు పెట్టుకుని, అదే కొట్టులో గుమాస్తానని రాశాడు. అక్క తలెత్తకుండానే "మీ ఓనరు మంచివాడండీ, గుమాస్తాకి బంగారు ఉంగరాలు నాలుగు చేయించాడు" అంది. ఆయన గొణుక్కుంటూ పూర్తి ఫీజు కట్టాడు. "నా దగ్గర పప్పులుడకవు" అని అక్క ఆ రోజంతా గర్వంగా తిరిగింది.

అలా ఉండగా ఒక బుధవారం సిటీ బస్సు డ్రైవరొకాయన మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. యూనిఫాం చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా ఉంది. అక్క కాగితం ముందుకు తోసింది. ఆయన పై అక్షరాలు చదివాడు, కింద గళ్లదాకా పోనేలేదు. ఒక వేలితో కాగితాన్ని మళ్లీ ఆమె వైపే జరిపాడు.

"ఇది నాకక్కర్లేదమ్మా. పూర్తి ఫీజే రాసుకోండి."

ఇన్నాళ్లకు ఒక మర్యాదస్తుడు వచ్చాడని అక్క మురిసిపోయింది.

లోపలి గదిలో ఆయన కిటికీనే చూస్తూ మాట్లాడాడు. పద్నాలుగేళ్ల సర్వీసులో బస్సుకు గీత పడలేదు. ఒక పొద్దున తడి రోడ్డు మీద సైకిలు మనిషొకడు జారి బస్సు ముందు పడ్డాడు. బ్రేకు వేశాడు. బస్సు మూరెడు దూరంలో ఆగింది. పడ్డవాడు లేచి, బట్టలు దులుపుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు అదే మలుపులో చేతులు వణికాయి. మూడో రోజు నడిరోడ్డు మీద బస్సు ఆపేసి దిగిపోయాడు. వెనక జనం తిట్టిపోస్తున్నా ఎక్కలేకపోయాడు.

"ఎవరికీ ఏమీ కాలేదు మేడమ్. అదే నాకు అర్థం కానిది. అందరూ అదే అంటారు, ఏమీ కాలేదుగా అని."

"మీకయింది కదా" అంది ఆమె. ఆయన మొదటిసారి కిటికీ మీద నుంచి చూపు తిప్పాడు.

కంపెనీవాళ్లు నాలుగు నెలల గడువు ఇచ్చారని, అప్పుడు మళ్లీ డ్రైవింగు పరీక్ష పెడతారని, తప్పితే ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోనివ్వరని చెప్పాడు. అప్పటిదాకా సెలవులో ఉన్నానన్నాడు. ఇలాంటి వణుకు ఆమెకు కొత్త కాదు. ఎంతోమందికి వదలగొట్టింది. ఈయనకూ వదులుతుందని, అయితే వారం తప్పకుండా రావాలని గట్టిగా చెప్పింది. ఆయన రెండో వారం వచ్చాడు. మూడో వారమూ వచ్చాడు. నాలుగో వారం రాలేదు, అయిదో వారమూ లేదు.

ఆమె ఫోను చేసింది.

"తగ్గిపోయింది మేడమ్" అన్నాడు ఆయన, హలో అన్నంత తొందరగా.

"ఏం తగ్గింది?"

"అదే, వణుకు. మొత్తం తగ్గిపోయింది. మీ దయవల్ల."

ఆయన గొంతు వెనక నీళ్లు ధారగా దేనిమీదో పడుతున్న చప్పుడు. పదిహేనేళ్లకు పైగా ఈ పనిలో ఉన్న మనిషి, ఆమె అప్పుడు అన్న మాట అనకుండా ఉండాల్సింది. కానీ అనేసింది.

"ఫీజు సంగతైతే మొహమాటపడకండి, తగ్గించుకోవచ్చు."

"నేను తగ్గించమని అడిగానా మేడమ్?" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆమె నాలిక్కరుచుకుంది. ఆసుపత్రిలో పెద్ద పెద్ద పేర్లు పెట్టినవాళ్లను చూసి నవ్విన మనిషి, ఆ మధ్యాహ్నం తన బల్ల మీదున్న లావుపాటి అక్షరాలను చూసి తల పట్టుకుంది. జ్వరం తగ్గిందంటే పండగ. నొప్పి తగ్గిందంటే అమ్మయ్య. కానీ మనిషి తగ్గాడంటే? పదిమందిలో ఎవరి ముందైనా తగ్గమంటే ఏ మనిషికి ఒళ్లు మండదు? తనేమో ఆ మాటను అచ్చేయించి, అంచు కట్టించి, కిందికి చూసుకుంటూ వచ్చినవాళ్ల మొహాల ముందు పెట్టింది. దరఖాస్తు కూడానట! సర్కారు ఆఫీసులో నిలబెట్టినట్టు. ఎంతమంది ఆ కాగితం చూసి గళ్లు నింపకుండా మెట్లు దిగిపోయారో ఆమెకు లెక్కే లేదు. తనమీద తనకు ఒళ్లు మండిపోయింది.

"అక్కా, ఆ డ్రైవరు గారు రావడం మానేశారు" అంది బయటికొచ్చి. అంతకుమించి చెప్పలేదు. లోపలి మాట ముందు గదిలోకి రాదు, అక్క అయినా సరే.

అక్క కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన అబద్ధమాడాడే."

"దేని గురించి?"

"డబ్బిచ్చేప్పుడు చేతులు చూశాను. రెండోవారమే చూశాను. స్టీరింగు పట్టిన చేతికి అరచేతిలో కాయలుంటాయి. ఆయనకీ ఉన్నాయి. కానీ వేళ్ల కొసలు నానిపోయి, తెల్లగా ముడతలు పడున్నాయి. పొద్దుణ్నుంచి నీళ్లలో ఉంటే తప్ప అలా కావు. డిపోలో బస్సులు కడుగుతున్నాడు. ఆ పనికి జీతం డ్రైవరు జీతంలో సగం. రైల్వేలోనూ అంతే."

"మరి చెప్పవేం?"

"ఎక్కువ కట్టేవాణ్ణి పట్టుకోవడం నాకెవరు నేర్పారే?" అంది అక్క. "ముప్పయ్యేళ్లలో సగం టికెట్టు పిల్లాడికి పూర్తి టికెట్టు కొన్నవాణ్ణి ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి చూళ్లేదు. తక్కువ చెప్పేవాడికోసం కళ్లలో వత్తులేసుకుని కూర్చున్నాను. ఈయన పైకి అబద్ధమాడాడు, నేను కింద వెతుకుతున్నాను."

చెల్లెలు మళ్లీ ఫోను అందుకోబోయింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వొద్దు. నువ్వు చేస్తే జాలి అనుకుంటాడు. ఇది కౌంటరులో జరిగిన తప్పు, కౌంటరే సరిచెయ్యాలి."

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో తప్పు నాది అన్న మాట ఆమె నోట వినలేదని ఆమెతో పనిచేసినవాళ్లు చెబుతారు. ఆ రోజు అక్క ఫోను కలిపి, నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, స్టేషన్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"డ్రైవరు గారూ, నేను బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మీకు తప్పు టికెట్టు కొట్టాను. పై క్లాసు టికెట్టు కొట్టాను. తప్పు మీది కాదు, నాది."

అవతల నీళ్ల చప్పుడు ఆగింది. ఎవరో కుళాయి కట్టేశారు.

"మా దగ్గర లెక్క, వారానికి ఒక పూట సంపాదన. ఎవరికైనా అంతే. మీరు మూడుసార్లు కట్టినదానికి మీ ఇప్పటి జీతం మీద పన్నెండు గంటలొస్తాయి. మూడు వాడుకున్నారు. ఇంకా తొమ్మిది మీవే. డబ్బు వెనక్కిచ్చే పద్ధతి మాకు లేదు. ప్రయాణం చేస్తారా, టికెట్టు పాడు చేసుకుంటారా?"

"నా ఇప్పటి జీతం మీకెలా తెలుసమ్మా?" అన్నాడు ఆయన.

"మీరు నాకేమీ చెప్పలేదు బాబూ. మీ చేతులు చెప్పాయి. ముప్పయ్యేళ్లు కిటికీలోంచి చేతులే చూశాను, మొహాలు చూసే తీరిక ఎప్పుడుంది? నీళ్లలో నానిన చేతులు కూడా కష్టపడ్డ చేతులేగా. అందులో దాచుకోవడానికేముంది?"

అక్క ఫోను గట్టిగా చెవికి నొక్కుకుంది. ఇన్నేళ్ల వయసులో ఒకరి జవాబు కోసం అంతగా ఎదురుచూసిన జ్ఞాపకం ఆమెకు లేదు.

"బుధవారం ఖాళీ ఉందామ్మా?" అన్నాడు ఆయన.

ఆ సాయంత్రమే పాత దరఖాస్తులన్నీ చిత్తుకాగితాల్లోకి పోయాయి. ప్రెస్సాయన కాస్త నొచ్చుకున్నాడు. అంత లావు అక్షరాలు మళ్లీ ఎక్కడ వాడతానని వాపోయాడు. కొత్త కాగితం పైన "ఈ నెల మీ వరుస" అని మామూలు అక్షరాల్లో ఉంటుంది. కింద అయిదు వరుసలు, ఒక్కొక్కదానికీ నెల సంపాదన, పక్కన గంట ఫీజు. తగ్గింపు లేదు, దరఖాస్తు లేదు. కంపెనీ మేనేజరు ముందూ అదే కాగితం, గిన్నెలు తోమే మనిషి ముందూ అదే కాగితం. వేలు పెట్టి చూపిస్తే చాలు. నెల మారితే మళ్లీ అడుగుతారు, నెలలన్నీ ఒక్కలా ఉండవు కాబట్టి. కుట్టుమిషను ముసలావిడ ఒకరు ఆ కాగితం చూసి, "ఏ వరుసా? నీకు నేను అత్త వరుసవుతానులే, రాసుకో" అంది అక్కతో. ముందు గదిలో కూర్చున్నవాళ్లంతా పక్కున నవ్వారు. ఆ గదిలో నవ్వు వినిపించడం అదే మొదలు.

డ్రైవరు గారు బుధవారం వచ్చి అయిదు వరుసలూ చదివి, నాలుగోదాని మీద వేలు పెట్టాడు. వేలి కొస ఇంకా ముడతలుగానే ఉంది. లోపలికి వెళ్లి, సెలవు సంగతి అబద్ధమని, డిపోలో కడిగే షెడ్డులో ఉన్నానని తల వంచుకుని చెప్పాడు.

సగం డాక్టరమ్మ కుర్చీలో ముందుకు వంగింది. "రోజుకి ఎన్ని బస్సులు కడుగుతారు?"

"నలభై దాకా."

"లోపల కూడా తుడుస్తారా?"

"తుడవాలి మేడమ్. సీట్లు, అద్దాలు, స్టీరింగు..." ఆయన ఆగిపోయాడు.

"రోజూ నలభై స్టీరింగులు మీ చేతికిందకొస్తుంటే ఈ మాట ముందే చెప్పరేమండీ!" అంది ఆమె. సంతోషం పట్టలేక దాదాపు కోప్పడింది. "మీకు బస్సు ఎక్కడ దొరుకుతుందా అని మూడు వారాలు నేను బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మీరేమో బస్సుల మధ్యలో నిలబడి నాతో ఫోనులో మాట్లాడారు!"

ఆ తర్వాతి పని ఆమెకు చెయ్యి తిరిగిన పని. మొదటి వారం డ్రైవరు సీటు తుడిచి, అందులో కూర్చుని, వంద అంకెలు లెక్కపెట్టి దిగాలి. రోజుకు పది బస్సులు. రెండో వారం స్టీరింగు తుడిచి, తుడిచిన గుడ్డ పక్కన పెట్టి, రెండు చేతులతో పట్టుకోవాలి. చెయ్యి వణికితే వణకనివ్వాలి, దిగిపోకూడదు. వణుకు తనంతట తాను అలిసిపోయేదాకా కూర్చోవాలి. నాలుగో వారం షెడ్డు మేస్త్రీ అనుమతితో ఇంజను. ఆరో వారం ఆవరణలో చుట్టూ ఒక తిప్పు. మధ్యలో ఒకసారి మళ్లీ వెనక్కి జారాడు. వానకు తడిసిన నేల చూసి సీట్లోంచి దూకేశానని వచ్చి చెప్పాడు. "మంచిది, రేపు పొద్దున మీరే ఆ నేల మీద పైపుతో నీళ్లు కొట్టి ఎక్కండి" అంది ఆమె. ఎక్కాడు.

తొమ్మిదో వారం పరీక్ష. ఇనస్పెక్టరు పక్కన కూర్చుని కావాలనే ఆ మలుపు మీదుగా పోనివ్వమన్నాడు. చేతులు వణకలేదని డ్రైవరు గారు చెప్పుకోలేదు. కొంచెం వణికాయనీ, బస్సు మాత్రం తిన్నగానే పోయిందనీ చెప్పాడు. ఉద్యోగం నిలబడింది.

"ఇక మీరు రానక్కర్లేదు" అంది డాక్టరమ్మ. ఆమెకు ఇంతకంటే ఇష్టమైన మాట లేదు.

ఆయన ముందు గదిలోకి వచ్చి, బల్ల ముందు నిలబడ్డాడు. ఒక కాగితం అడిగి తీసుకున్నాడు.

"మీదైపోయిందిగా బాబూ?" అంది అక్క.

"నాది కాదమ్మా. వచ్చే వారం నుంచి మా ఆవిడ వస్తుంది."

"మంచిది. ఆవిడేం చేస్తారు?"

"ఇంట్లోనే ఉంటుంది."

"సంపాదన లేదు కాబట్టి అయిదో వరుస" అని అక్క కలం తీసింది.

ఆయన ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, రెండో వరుస మీద, డ్రైవరు జీతం ఉన్న వరుస మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ రాయండి. నా జీతం ఆవిడది కాదామ్మా?"

అక్క ఏదో అనబోయింది. ఆయన వేలు తియ్యలేదు.

"నేను ఆ గదిలో కూర్చుని నాకు కావలసినంత మాట్లాడుకున్నాను. ఆవిడ నాలుగు నెలలు నా ఎదుట గట్టిగా గిన్నె కూడా పెట్టలేదమ్మా, ఎక్కడ ఉలిక్కిపడతానోనని. ఉద్యోగం నిలబడిందని నిన్న చెప్తే స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆవిడ కూడా ఎక్కడో ఒకచోట కూర్చుని ఏడవాలిగా."

అక్క ఇంకేమీ అడగలేదు. రెండో వరుస పక్కన ఆవిడ పేరు రాసుకుని, బుధవారం పదకొండు గంటలకు రమ్మనమని చెప్పింది.